మొలొకాయి దీవిలో ఎనిమిది వేలమంది

ప్రతి సంవత్సరం జనవరి నెల ఆఖరు ఆదివారం మన సంఘాలలో కుష్ఠరోగుల నిమిత్తం ప్రత్యేక ప్రార్థనలు చేయడం, కానుక పట్టడం పరిపాటి. ఆనాటి ప్రసంగంలో ఫాదర్ డామియన్ గారి పేరు వినబడకుండా ఉండడం అరుదు. బెల్జియం దేశస్థుడైన ఆ కతోలిక గురువు పసిఫిక్ మహాసముద్రం నడుమ ఒక దీవికి వెళ్ళి, పదహారేళ్ళు రోగులకు పరిచర్య చేసి, తానూ ఆ వ్యాధితోనే ప్రాణం విడిచిన సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. మేమూ చిన్ననాట ఆ కథ విని కన్నీరు పెట్టుకున్నవాళ్ళమే. అయితే ఆ దీవికి పంపబడిన రోగులెవరు, ఎందుకు పంపబడ్డారు, అక్కడ వారికి వైద్యం ఎప్పుడు అందింది, ఎవరు అందించారు అనే మాటలు మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మన అధ్యక్ష మండల శతజయంతి సంచికలో ఆ సంగతులు వ్రాయదలచాము. వాటిలో ఒక తంతు మన తెలుగునేల మీదికి కూడా సాగి వచ్చింది గనుక ఇది పరాయి కథ కాదు.

హవాయి దీవులలో మొలొకాయి ఒకటి. దాని ఉత్తరపు ఒడ్డున సముద్రంలోకి నాలుకలాగా పొడుచుకు వచ్చిన చదునునేల ఉన్నది. మూడు ప్రక్కల కడలి, నాలుగవ ప్రక్క గోడ కట్టినట్టు నిలువుగా లేచిన కొండ. కొండమీదనుండి దిగడానికి ఇరవై ఆరు మలుపుల కాలిబాట ఒకటే. ఈ నేలకు తూర్పున కలవావో, పడమట కలౌపాపా అని రెండు పల్లెలు. అంతా కలిపి కలవావో జిల్లా. అమెరికాలో జిల్లాను కౌంటీ అంటారు. విస్తీర్ణం సుమారు పన్నెండు చదరపు మైళ్ళు. ఆ దేశంలో నేల విస్తీర్ణాన్ని బట్టి ఇంతకంటె చిన్న జిల్లా మరొకటి లేదు. ఇంకొక విడ్డూరమేమంటే, 1905లో ఏర్పడిన నాటినుండి ఈ జిల్లాకు ఎన్నికైన పాలకవర్గమంటూ లేదు. ఆరోగ్యశాఖే అధికారి. మన భాషలో చెప్పాలంటే కలెక్టరు కచేరీ ఉండవలసిన చోట డాక్టర్ల కచేరీ ఉన్నది! ఇంతగా వైద్యశాఖ చేతిలో ఉన్న జిల్లా మరొకటి ఉంటుందా? అటువంటి చోట వైద్యానికి కొదువ ఉండదని ఎవరైనా అనుకుంటారు.

అసలు సంగతి వేరు.

1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చేదాకా ఆ దీవులవారు బయటి ప్రపంచపు జబ్బులు ఎరగరు. ఆ తరువాత ఓడ వచ్చినప్పుడల్లా ఒక జబ్బు దిగింది. 1848, 1849 సంవత్సరాలలో పొంగు, కోరింత దగ్గు, విషజ్వరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి వేలమందిని పొట్టనబెట్టుకున్నాయి. 1853లో మశూచి వచ్చింది. 1832లో మిషనరీలు జనాభాను లెక్కించినప్పుడు సుమారు 1,30,000 మంది ఉండగా, 1872 నాటికి దీవులన్నిటిలో కలిపి 57,000 మంది మిగిలారు. నలభై ఏళ్ళలో సగానికి పైగా మనుషులు మాయమైన జాతి ఎంత బెదిరిపోతుందో వేరే చెప్పనక్కరలేదు. నాలుగవ కమేహమేహ రాజు, ఎమ్మా రాణి 1859లో హొనొలూలు పట్టణంలో ఆసుపత్రి కట్టించారు. ఇంతలో కుష్ఠు బయలుదేరింది. ఐదవ కమేహమేహ రాజు 1865 జనవరి 3న కుష్ఠవ్యాధి వ్యాప్తి నిరోధక చట్టం మీద సంతకం చేశాడు. అనుమానితులను పట్టి తెచ్చే పని పోలీసుల వంతు అయింది. కలీహి అనే చోట పరీక్ష చేసి, రోగం ఉన్నదని తేలినవారిని మొలొకాయికి ఓడ ఎక్కించేవారు. నేరం చేయని మనిషికి యావజ్జీవ శిక్ష! 1870లో ఇంకొక చట్టం వచ్చి, కుష్ఠరోగాన్ని విడాకులకు కారణంగా చేసింది. హవాయి ప్రజలు ఆ జబ్బుకు పెట్టుకున్న పేర్లలో ఒకదానికి అర్థం ‘కుటుంబాన్ని విడదీసే జబ్బు’ అని. మన పల్లెలలో దానినే పెద్దరోగం అన్నారు. వాళ్ళు రోగాన్ని చూడలేదు, రోగం వెనుక వచ్చినదానిని చూసి పేరు పెట్టారు.

1866 జనవరి 6న మొదటి ఓడలో దిగినవారు పన్నెండుమంది, తొమ్మిదిమంది పురుషులు, ముగ్గురు స్త్రీలు. ఆరోగ్యమండలివారి ఆలోచన ఏమంటే, నేల ఇస్తే రోగులే దున్నుకొని బ్రతుకుతారని. వ్రేళ్ళు మొద్దుబారినవారు, చూపు మందగించినవారు పార పట్టి పంట పండిస్తారని అనుకున్న ఆ పెద్దలను ఏమనాలో తెలియదు. తొలి సంవత్సరాలలో అక్కడ కాపురముండే వైద్యుడు లేడు. పేరుకు ఆసుపత్రి ఉన్నా, అక్కడికి వెళ్ళడమంటే శవపేటికకు దగ్గర కావడమే. రోగులు త్రాగునీటిని డబ్బాలలో పట్టి భుజాలమీద మోసుకొని తెచ్చుకొనేవారు.

మరి ఆ రోజులలో రోగికి అన్నం పెట్టినదెవరు? పుండు కడిగినదెవరు? కోకువాలు. ఆ భాషలో కోకువా అంటే తోడు, సాయం. భార్యకు రోగం వస్తే భర్త, బిడ్డకు వస్తే తల్లి, తమకు ఏ జబ్బూ లేకపోయినా వెంట వచ్చి ఆ గోడ క్రిందనే ఉండిపోయారు. 1873లో జోనాథన్ నాపెలా అనే ఆయన, మార్మన్ సంఘంలో పెద్ద, భార్య కిట్టీ గారి వెంట వచ్చాడు. ఆయనకూ రోగం అంటుకున్నది. 1879లో ఇద్దరూ కొద్ది వారాల తేడాలో కాలధర్మం చేశారు. ఆ జిల్లాలో మొదటి నర్సులు వీళ్ళే. జీతం లేదు, శిక్షణ లేదు.

ఇక్కడ మన ప్రసంగవేదికల మీద చెప్పే కథను కొంచెం సరిదిద్దవలసి ఉన్నది. డామియన్ గారు రాకముందు అక్కడ దేవుడూ లేడు, నీతీ లేదు, జనం మృగాలలాగా బ్రతికేవారని మేము విన్నాము. ఆకలి, అల్లరి, త్రాగుడు ఉన్నమాట నిజమే. ఎక్కడ ఉండవు? కాని మొదటి ఓడ వచ్చిన ఆ 1866లోనే ముప్పది అయిదుగురు రోగులు కూడి ఒక సంఘంగా ఏర్పడి, దానికి సిలోఆమా అని పేరు పెట్టుకున్నారు. యోహాను సువార్తలో పుట్టు గ్రుడ్డివాడు కడుగుకొన్న సిలోయము కోనేటి పేరు అది. 1871లో గుడి కట్టుకున్నారు. వారు ప్రొటెస్టెంటులు. కతోలికుల ఫిలోమినా గుడిని కూడా 1872లో ఒక బ్రదరు గారు వచ్చి కట్టి వెళ్ళారు. డామియన్ గారు 1873 మే 10న అడుగుపెట్టేటప్పటికి గుళ్ళు రెండూ ఉన్నాయి, లేనిది డాక్టరే. ఇలా అన్నందువల్ల ఆయన గొప్పతనం తరగదు. ఆయన ఒంటరిగా ఎడారిలో నిలబడలేదని, తోడుగా నిలబడడం తెలిసిన జనం మధ్యకే వచ్చాడని చెప్పడమే మా ఉద్దేశం.

ఆయన చేసిన పనులలో ఆరోగ్యానికి సంబంధించినవి చూడండి. 1886లో ఆయన ఆరోగ్యమండలికి సమర్పించిన నివేదికలో ఆత్మల సంగతి కంటె నీళ్ళ సంగతి, కూడు, గుడ్డ, కొంపల సంగతి ఎక్కువ. కొండలోయనుండి గొట్టాల ద్వారా నీరు తెచ్చే పనికి వెంటబడ్డాడు. 1874లో గాలివాన గడ్డిగుడిసెలను ఎగురగొట్టిన తరువాత కలప తెప్పించి, నేలకు ఎత్తుగా కొయ్య ఇళ్ళు లేపించాడు. వడ్రంగం ఆయనకు బాగా వచ్చు. శవపేటికలు కూడా ఆయనే చేసేవాడు. పుండ్లు కట్టాడు. ఇది ఏ వైద్యకళాశాలలోనూ నేర్చిన విద్య కాదు. ఆయన వచ్చిన 1873లోనే నార్వే దేశంలో హాన్సెన్ అనే వైద్యుడు ఈ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. కారణం తెలిసింది, మందు తెలియడానికి ఇంకా డెబ్బై ఏళ్ళు పట్టింది. డామియన్ గారు 1889 ఏప్రిల్ 15న, నలభై తొమ్మిదవ ఏట ప్రభువునందు నిద్రించారు.

ఆయన పోవడానికి అయిదు నెలల ముందు, 1888 నవంబరులో మదర్ మరియన్ కోప్ గారు తన సిస్టర్లతో కలౌపాపాకు వచ్చారు. అంతకు ముందు యాభైకి పైగా మఠాలు మాకు వీలుపడదని చెప్పిన పని అది. ఆమెకు న్యూయార్కు రాష్ట్రంలో ఆసుపత్రులు నడిపిన అనుభవం ఉన్నది. చేతులు కడుగుకోవడం మీద ఆమెకు పట్టుదల జాస్తి. ముప్పై ఏళ్ళు రోగుల మధ్య ఉండి 1918లో వృద్ధాప్యంతో కన్నుమూశారు, ఆమెకు ఆ రోగం అంటలేదు. నిజానికి మనుషులలో నూటికి తొంభై అయిదుమందికి ఈ రోగాన్ని తట్టుకొనే శక్తి పుట్టుకతోనే ఉంటుందని ఈనాడు వైద్యులు చెబుతున్నారు.

ఇక ఆసుపత్రి సంగతి. ఇది కొంచెం నిదానించి చెప్పవలసినది.

1898లో అమెరికా హవాయిని కలుపుకున్నది. 1905లో అమెరికా శాసనసభ కలవావోలో కుష్ఠరోగ పరిశోధన కేంద్రం కట్టడానికి లక్ష డాలర్లు, మొదటి ఏడాది నడపడానికి మరి యాభై వేలు మంజూరు చేసింది. ఆ రోజులలో అది ఎంత సొమ్మో ఊహించుకోవచ్చు. 1909 చివరలో కొత్త భవనాలు, కొత్త పరికరాలు, పట్నంనుండి వచ్చిన డాక్టర్లతో తలుపులు తెరిచారు. కూతవేటు దూరంలో వందలాది రోగులు. అందులో చేరినవారెందరంటే తొమ్మిదిమంది! వాళ్ళూ నిలవలేదు. 1913లో ఆసుపత్రి మూతపడింది.

ఎందుకిలా జరిగింది? జనానికి తెలివి లేక అని కొందరు అధికారులు అనుకున్నారు. ఇటువంటి మాట మన పల్లెల గురించీ విన్నాము. అసలు కారణం కంచె. ఆ ఆసుపత్రిలో చేరిన రోగి లోపలే ఉండాలి, ఊరిలోని స్నేహితులతో, కట్టుకున్నవారితో కలవరాదు. ఒకసారి కుటుంబం నుండి తెంచి ఇక్కడ పడవేసిన తరువాత, ఆ మనుషులు చేతులతో మళ్ళీ ఒక కాపురం, ఒక ఇరుగు పొరుగు, ఒక భజనబృందం కట్టుకున్నారు. దానిని కూడా వదిలి పరిశోధనకు పనికివచ్చే వస్తువుగా మంచం మీద పడుకోమంటే ఎవరు పడుకుంటారు? అదే కాలంలో అక్కడ రోగులతో కలసిమెలసి తిరిగిన గుడ్‌హ్యూ అనే డాక్టరు గారి వద్దకు జనం తమంత తామే వెళ్ళేవారు. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా వారికి సేవ చేశారు. ఆసుపత్రి దూరం మైళ్ళతో కొలిచేది ఒక్కటే కాదని ఆ తొమ్మిది అనే అంకె చెబుతుంది.

ఇప్పుడు మన దేశంనుండి వెళ్ళిన ఒక నూనె సంగతి. చాల్మోగ్రా అనే చెట్టు గింజల నూనెను కుష్ఠుకు వాడడం మన దేశపు పాత వైద్యం. త్రాగితే కడుపులో త్రిప్పి వాంతి అవుతుంది. సూదితో ఎక్కిస్తే చిక్కనిది గనుక చర్మం క్రింద గడ్డలు కట్టి ప్రాణం తీస్తుంది. హొనొలూలులో 1915లో ఆలిస్ బాల్ అనే యువతి, నల్లజాతి బిడ్డ, హవాయి కళాశాలలో రసాయనశాస్త్రంలో మాస్టరు పట్టం పొందింది. ఆ పట్టం అక్కడ పొందిన మొదటి స్త్రీ ఆమెయే. కలీహి ఆసుపత్రిలోని హోల్‌మన్ అనే డాక్టరు అడిగిన మీదట ఆమె ఆ నూనెను ఒంటిలో ఇంకే విధంగా పలుచని మందుగా మార్చే పద్ధతి కనిపెట్టింది. 1916 డిసెంబరు 31న, ఇరవై నాలుగేళ్ళకే మరణించింది. ఆమె పైవాడైన ఆచార్యుడు ఆ పనిని ఆమె పేరు చెప్పకుండా ప్రచురించుకున్నాడు. ఇది బాల్ గారి పద్ధతి అని 1922లో హోల్‌మన్ వ్రాశాడు గనుక సరిపోయింది. ఆ మందుతో 1920 నాటికి 78 మంది రోగులు ఇళ్ళకు పంపబడ్డారు. పూర్తిగా నయం చేసే మందు కాదది, కొందరికి తిరగబెట్టింది. కాని అంతవరకు మొలొకాయి ఓడ ఎదురుచూస్తున్న రోగికి ఇంటివైపు త్రోవ చూపిన మొదటి మందు అది.

సరిగా ఆ కాలంలోనే నిజామాబాదు వద్ద డిచ్‌పల్లిలో వెస్లియన్ మెథడిస్టు మిషనువారి కుష్ఠు ఆసుపత్రి పెరుగుతున్నది. స్కాట్లండునుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని గారు, ఆమె భర్త జార్జి కెర్ దొర గారు దానిని 1915లో ప్రారంభించారు. నర్సాగౌడ్ గారనే హిందూ దాత ఇచ్చిన ద్రవ్యం దానికి ఆధారం. 1920 తరువాత దొరసాని గారు అదే జాతి నూనెను సూదిమందుగా ఇచ్చారు. చుట్టుప్రక్కల జిల్లాలనుండి రోగులు కాలినడకన, బండ్లమీద వచ్చారు. వచ్చినవారిని పోలీసు పట్టి తేలేదు. 1932లో ఆమె చనిపోయారు, ఆసుపత్రి నిలిచింది. ఆ నూనె మన అడవులలో పుట్టి హొనొలూలు ప్రయోగశాలకు ఎక్కడం, అటువంటి వైద్యమే మన డిచ్‌పల్లిలో తెలుగు రోగి చేతికి అందడం తలచుకుంటే మాకు సంతోషం కలుగుతుంది. ఆలిస్ బాల్ పేరు మాత్రం మన సంఘాలలో ఎవరూ ఎత్తగా మేము వినలేదు. ఆమె చదివిన విశ్వవిద్యాలయమే 2000 సంవత్సరంలో గాని ఒక చాల్మోగ్రా చెట్టు మొదట ఆమె పేరిట ఫలకం పెట్టలేదు.

అసలైన మందులు, సల్ఫోనులు, 1946లో హవాయికి వచ్చాయి. రోగం కుదిరే దారి పడింది. అయితే నిర్బంధ చట్టం ఆ ఏడే పోయిందా? పోలేదు. 1969 దాకా ఉన్నది. ఇరవై మూడేళ్ళు! మందు ఉన్నా కంచె ఉన్నది. చుట్టాలు చూడవస్తే మధ్య అడ్డుతెర, ముట్టుకోరాదు. ఆ కాలనీలో పుట్టిన బిడ్డను తల్లి ఎత్తుకోకముందే తీసుకొనిపోయి, బంధువులకో అనాథాశ్రమానికో ఇచ్చేవారు. 1866 నుండి 1969 వరకు ఆ కొండ క్రిందికి పంపబడినవారు సుమారు ఎనిమిది వేలమంది, వారిలో నూటికి తొంభైమందికి పైగా హవాయి జాతివారే.

చట్టం పోయిన తరువాత కూడా తగవు తీరలేదు. హొనొలూలు దగ్గర పెర్ల్ సిటీలో 1949 నుండి హాలె మొహాలు అనే వైద్యశాల రోగులకోసం ఉండేది. కలౌపాపావారికి పెద్ద జబ్బు చేస్తే అక్కడికే రావాలి. తోట, సావిడి ఉన్న చోటు. పాతబడిందని చెప్పి 1978లో ప్రభుత్వం దానిని మూసి, రోగులను నగరంలోని మరొక ఆసుపత్రిలో ఒక భాగానికి మార్చదలచింది. బెర్నార్డ్ పునికాయియా అనే రోగి, ఆరవ ఏట తల్లినుండి వేరుచేయబడినవాడు, మేము కదలమని మరికొందరితో కూర్చున్నాడు. నీరు, దీపాలు ఆపివేశారు. అయినా అయిదేళ్ళు ఉన్నారు. 1983లో పోలీసులు వచ్చి వారిని ఎత్తి బయట పెట్టగా, యంత్రాలు కట్టడాలను పడగొట్టాయి. చిన్ననాడు బలవంతంగా ఆసుపత్రికి తెచ్చారు, ముసలితనంలో బలవంతంగా ఆసుపత్రినుండి వెళ్ళగొట్టారు.

హవాయిని నిందించడం మనకు తేలిక. మన సంగతి చూచుకుందాము. మన దేశంలో 1898 నాటి కుష్ఠరోగుల చట్టం 2016లో గాని రద్దు కాలేదు. అంతకంటె మనకు దగ్గరిది ఒకటున్నది. క్రైస్తవుల వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, 2001 సవరణ ద్వారా, కుదరని కుష్ఠును విడాకులకు ఒక కారణంగా చేర్చారు. 2001లో! ప్రపంచ ఆరోగ్యసంస్థ పలు మందులు కలిపి ఇచ్చే చికిత్సను 1982లోనే సిఫారసు చేసింది, మన ఆసుపత్రులలో ఆ మాత్రలు ఉచితంగా పంచుతున్నారు, రోగం కుదురుతున్నది. హవాయి రాజు 1870లో తెలియక చేసినదానిని మనం తెలిసి చేశాము. 2019లో ఆ మాటను తొలగించారు. ఆ పద్దెనిమిదేళ్ళలో మన సంఘాలలో ఎవరైనా దానిని గూర్చి ప్రశ్నించినట్టు మా ఎరుకలో లేదు. జనవరి ఆదివారం కానుక మాత్రం క్రమం తప్పకుండా పట్టాము. మన దేశంలో ఇటీవలి కాలంలో కూడా ఏటా సుమారు లక్షమందికి ఈ రోగం కొత్తగా కనబడుతున్నది. మచ్చ కనబడిన మనిషి ఆసుపత్రికి వెళ్ళడానికి ఎందుకు జంకుతాడో అడిగినప్పుడు, అతనికి ఆసుపత్రి దూరమా, ఇల్లు దూరమవుతుందని భయమా అన్నది కూడా అడగాలి.

1969 తరువాత కలౌపాపా రోగులకు ఎక్కడికైనా పోయే స్వేచ్ఛ వచ్చింది. చాలామంది పోలేదు. అదే వారి ఇల్లు అయింది. 1980లో ఆ ప్రదేశాన్ని జాతీయ చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించి, ఉన్నవారు బ్రతికినంతకాలం అక్కడే ఉండవచ్చునని మాట ఇచ్చారు. 2020 జనాభా లెక్కలలో కలవావో జిల్లా జనాభా 82. వారిలో ఎక్కువమంది ఉద్యోగులే. సంవత్సరానికి ఒకసారి వేసవిలో సరుకుల పడవ వస్తుంది. డామియన్ గారిని 2009లో, మరియన్ గారిని 2012లో కతోలిక సంఘం పరిశుద్ధులుగా ప్రకటించింది. డామియన్ గారి దేహాన్ని 1936లో బెల్జియం తీసుకొనిపోయారు. 1995లో ఆయన కుడిచేతిని మాత్రం తెచ్చి కలవావోలోని పాత సమాధిలో ఉంచారు.

మిగిలినవారిలో అత్యధికుల సమాధులకు గుర్తు లేదు. వారి వంశీకులు కూడి, ఎనిమిది వేల పేర్లూ చెక్కిన స్మారకం కట్టాలని కోరగా, 2009లో అమెరికా ప్రభుత్వం అందుకు అనుమతించే చట్టం చేసింది. 1866 జనవరి 6న మొదటి ఓడ దిగినవారి పేర్లు చిట్టాలో ఉన్నాయి. పురుషులు కహౌలికో, లోయె, లిఇలిఇ, పుహా, కిని, లోనో, వాయిపియో, కాయినానా, కాఔమొవానా. స్త్రీలు నహుయినా, లకాపు, కెపిహె.